బరువు తక్కువగా పుట్టినవాళ్ళు

ఆ ఉదయం సైంటిస్టుగారి పథకం చాలా సులువైనది. స్నానం చేయాలి, ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి, వంటింటి అలమరలోంచి డబ్బా తీసుకుని పందుల పరిశోధన కేంద్రానికి వెళ్ళాలి, పందిపిల్లల చేత పాలు తాగించాలి, అది చూసిన డైరెక్టరు మేడం చేత శభాష్ అనిపించుకోవాలి. ఇన్నిటిలో పందిపిల్లలు తాగడం, మేడం మెచ్చుకోవడం ఈ రెండూ ఆయన చేతుల్లో లేవు. స్నానం మాత్రం నిర్విఘ్నంగా జరిగింది.

ఆయన పరిశోధన బరువు తక్కువగా పుట్టిన పందిపిల్లల మీద. పంది ఒక్కో ఈతలో బోలెడు పిల్లల్ని పెడుతుంది. అందులో ఒకటో రెండో అరచేతిలో ఇమిడేంత ఉంటాయి. కాస్త దిట్టంగా పుట్టిన తోబుట్టువులు వాటిని తల్లి పొదుగు దరిదాపుల్లోకి రానివ్వవు. పుట్టిన కొత్తలో సరైన తిండి పడితే ఆ బక్కపిల్లలకి కండ పడుతుంది. అప్పుడు పడకపోతే తర్వాత ఎంత మేపినా ఒంటికి పట్టేది కొవ్వే. ఈ సంగతిని సైంటిస్టుగారు బస్సులో పక్క సీటువాళ్ళకి కూడా విడమరిచి చెప్పేవారు. అందువల్ల బస్సు ఎంత కిటకిటలాడుతున్నా ఆయన పక్కన చోటు దొరికేది.

ఆ పిల్లల కోసం ఆయన ఒక పాలపొడి తయారుచేశారు. అందులో కండకి కావలసినవన్నీ ఉన్నాయి. లోపమల్లా ఒక్కటే, పందిపిల్లలు దాన్ని తాగేవి కావు. రెండు గుక్కలు పుచ్చుకుని మూతి తిప్పేసుకునేవి. సైంటిస్టుగారు దీన్ని పందిపిల్లల్లో క్రమశిక్షణ లోపంగా భావించారు. డైరెక్టరు మేడం అలా భావించలేదు. ఇవాళ స్వయంగా వచ్చి చూస్తానని, అవి తాగకపోతే ప్రయోగం ఆపేసి ఆ షెడ్డును కోళ్ళ విభాగానికి ఇచ్చేస్తానని కబురు పెట్టారు. కోళ్ళ విభాగంవాళ్ళు అప్పటికే వచ్చి గోడలు కొలుచుకుని వెళ్ళారు.

కేంద్రంలోని త్రాసు మీద నమ్మకం లేక సైంటిస్టుగారు ఆ పొడిని ఇంట్లోనే కలుపుకునేవారు. ఆ ఇంట్లో ఆయన లెక్కకు అందని పదార్థం ఒకటుంది. అది ఆయన బావమరిది. కండల పోటీకి తయారవుతున్నానని, పోటీ అయ్యేదాకా నాలుగు రోజులు ఉంటానని వచ్చాడు. పోటీ రెండుసార్లు వాయిదా పడింది. అతని తిరుగు ప్రయాణం కూడా దాంతోపాటే వాయిదా పడుతూ వచ్చింది. సైంటిస్టుగారు చదువుకునే ముందు గదిలో ఇప్పుడు పుస్తకాల బీరువాకి ఇనుప బరువులు ఆనించి ఉంటాయి. బావమరిది అద్దం ముందు నిలబడి తన వీపు తానే చూసుకోవాలని ప్రయత్నిస్తుంటాడు. అతనికీ ఒక పొడి ఉంది, పాలలో కలుపుకుని పూటపూటా తాగేది.

ఇంటావిడ ఒకే రకం స్టీలు డబ్బాలు జతగా కొని, పక్షపాతం లేకుండా ఒకటి భర్తకీ ఒకటి తమ్ముడికీ ఇచ్చింది. సైంటిస్టుగారు తన డబ్బా మీద పిగ్లెట్ అనే అర్థంలో ఇంగ్లీషు 'పి' అక్షరం రాసి అతికించారు. బావమరిది ప్రోటీన్ అనే అర్థంలో అదే అక్షరం రాసుకున్నాడు. ఒకరిది పై అర, ఒకరిది కింది అర కాబట్టి ఇన్నాళ్ళూ ఇబ్బంది రాలేదు. నిన్న ఆవిడ అలమర దులిపి డబ్బాలు తిరిగి సర్దింది.

"ఇవాళ టీలో పంచదార ఎక్కువైంది," అన్నారు సైంటిస్టుగారు ఆ ఉదయం కప్పు కింద పెడుతూ. "ఏ పనికైనా కొలత ముఖ్యం. నా పనిలో చిటికెడు అటూ ఇటూ అయితే కొంప మునుగుతుంది."

"మునగకుండా చూసుకోండి," అంది ఆవిడ, కప్పు తీసుకెళ్ళిపోతూ.

ఆయన పై అరలోంచి డబ్బా తీసుకుని సంచిలో పెట్టుకున్నారు. మూత తీసి చూడలేదు. కొలతలు తెలిసిన మనిషికి మూతలు తీసి చూడవలసిన అవసరమేముంది.

షెడ్డు దగ్గర సూపర్‌వైజరు ఎదురొచ్చాడు. ఇతని ప్రత్యేకత ఏమిటంటే, ఏ జంతువు ఎప్పుడు చచ్చిపోతుందో ముందుగానే చెబుతాడు. చాలావరకు తప్పే చెబుతాడు గానీ, చెప్పడం మానడు.

"గుప్పెడు ఈ పూట దాటదు సార్," అన్నాడు.

గుప్పెడు అంటే ఆ షెడ్డులో అందరికంటే చిన్న పందిపిల్ల. గుప్పెడంత ఉందని ఆ పేరు పెట్టారు. వెచ్చటి దీపం కింద, గోనెపట్టా మీద, చెవులు వాల్చేసి పడుకుని ఉంది. నిన్నటి నుంచీ సీసా మూతికి పెడితే కళ్ళు కూడా తెరవడం లేదు. సైంటిస్టుగారు వంగి దాని పొట్ట మీద వేలు పెట్టారు. పక్కటెముకలు వేలికి తగిలాయి. ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి, పాత్రలో వేడినీళ్ళు పోసి, డబ్బా మూత తీసి పొడి వేసి కలిపారు.

పాలు గులాబీ రంగుకి తిరిగాయి. షెడ్డంతా స్ట్రాబెర్రీ వాసన కొట్టింది.

"కొత్త రకమా సార్?" అని అడిగాడు సూపర్‌వైజరు.

సైంటిస్టుగారికి విషయం అర్థమైంది, తెచ్చింది బావమరిది డబ్బా. గబగబా షెడ్డు బయటికి వెళ్ళి బావమరిదికి ఫోను చేశారు.

"పొద్దున నీ డబ్బాలోది తాగావా?"

"తాగాను బావా. రంగు లేదు, తీపి లేదు, గోడకి కొట్టే సున్నం తాగినట్టుంది. అప్పుడే అనుకున్నా, ఇదే అసలు సరుకు అని."

"అది నీది కాదయ్యా."

"మరి ఎవరిది?"

ఇక్కడ సైంటిస్టుగారు నిజం చెప్పి ఉంటే కథ ఇంతటితో అయిపోయేది. కానీ ఆయనకి భార్య ముఖం కళ్ళముందు మెదిలింది. నా తమ్ముడికి పందుల తిండి పెడతారా అని ఆవిడ అడిగితే, ఆ ప్రశ్నకి ఏ శాస్త్రంలోనూ సమాధానం లేదు. అందుకని నిజంలోంచి పందిని మాత్రం తీసేసి మిగతాది చెప్పారు.

"అది... బరువు తక్కువగా పుట్టినవాళ్ళకి కండ పట్టడానికి చేసింది."



"బావా," అన్నాడు బావమరిది, గొంతు మారిపోయి. "నేను బరువు తక్కువగా పుట్టానని నీకెవరు చెప్పారు?"

"ఏంటి?"

"అమ్మ చెప్పి ఉంటుందిలే. పుట్టగానే నన్ను అద్దాల పెట్టెలో పెట్టారంట బావా. డాక్టరు కూడా ఆశ వదులుకోమన్నాడంట. స్కూల్లో నన్ను పుల్ల అని పిలిచేవాళ్ళు. ఈ కండలన్నీ అందుకే. ఇది నేనెవరికీ చెప్పుకోలేదు. నువ్వేమో ఒక్క మాట అనకుండా నాకోసం మందే తయారుచేశావు."

సైంటిస్టుగారు "ఊఁ" అన్నారు. అవుననీ కాదు, కాదనీ కాదు. గొంతులో వెలక్కాయ పడ్డ మనిషి నుంచి వచ్చే శబ్దం అది. బావమరిది దాన్ని అవుననే తీసుకున్నాడు.

"ఇంకో చుక్క తాగకు," అన్నారు ఆయన తేరుకుని. "ఆ డబ్బా తీసుకుని వెంటనే ఇక్కడికి రా."

"మోతాదు నీ కళ్ళముందే ఇస్తావన్నమాట. వస్తున్నా బావా." ముక్కు చీదుకుంటూ ఫోను పెట్టేశాడు.

సైంటిస్టుగారు నుదురు తుడుచుకునేలోపు భార్య ఫోను చేసింది. ఆవిడ గొంతు మెత్తగా ఉంది. పెళ్ళయిన కొత్తలో విన్న గొంతు అది. ఇంకా ఆవిడ దగ్గర ఉందని ఆయనకి తెలియదు.

"ఏమండీ, తమ్ముడు చెప్పాడు. వాడంటే మీకు పడదనుకున్నాను. ముందు గది పోయిందని మీరు లోపల్లోపల గొణుక్కుంటుంటే నేనూ నొచ్చుకున్నాను. నన్ను క్షమించండి."

"అదేం లేదు..."

"మీరేం చెప్పకండి. సాయంత్రం తొందరగా రండి."

ఆ తర్వాత అత్తగారు ఫోను చేశారు. ఆవిడ అల్లుడితో నేరుగా మాట్లాడి చాలాకాలమైంది. "బాబూ, వాడు బతుకుతాడనుకోలేదు మేము. ఇన్నేళ్ళకి వాడి గురించి ఆలోచించేవాడు ఒకడు దొరికాడు," అని ఏడ్చేశారు. అల్లుడుగారు కూడా దాదాపు ఏడ్చినంత పనిచేశారు. ఆవిడ అది ఆప్యాయత అనుకున్నారు.

ఆయన కళ్ళు తుడుచుకుని షెడ్డులోకి వచ్చేసరికి సూపర్‌వైజరు గోనెపట్టా మీద కూర్చుని, గుప్పెడును ఒళ్ళో పెట్టుకుని, సీసాతో గులాబీరంగు పాలు పడుతున్నాడు.

"ఎవరు పట్టమన్నారు?" అన్నారు సైంటిస్టుగారు.

"ఎలాగూ పోయేదే కదా సార్. ఆఖరి పూట నోరు తీపి చేసి పంపిద్దామని."

గుప్పెడు పోయే ప్రయత్నమేమీ చేయడం లేదు. కళ్ళు తెరిచింది. చెవులు నిక్కపొడుచుకుంది. సీసా ఖాళీ అయ్యాక కూడా వదలక, సూపర్‌వైజరు బొటనవేలు అందుకుని చప్పరించసాగింది. వాసనకి మిగతా బక్కపిల్లలు కూడా లేచి, ఒకదాన్నొకటి తోసుకుంటూ కీచుకీచుమని అరుస్తూ వచ్చి పాలపాత్ర చుట్టూ మూగాయి. ఆయన ఇన్నాళ్ళూ కలలో చూసిన దృశ్యం అచ్చంగా ఇదే. కలలో పాలు తెల్లగా ఉండేవి.

సరిగ్గా అప్పుడే డైరెక్టరు మేడం లోపలికి వచ్చారు. మధ్యాహ్నం వస్తానన్న మనిషి పొద్దున్నే రావడం ఆవిడకి అలవాటు. కింది ఉద్యోగుల్ని ఉన్నదున్నట్టు చూడడానికి అంతకంటే మంచి మార్గం ఆవిడకి కనబడలేదు. గుమ్మంలో నిలబడి పందిపిల్లల్ని చూశారు. పాత్ర అడుగు నాకుతున్న వాటిని చూసి కళ్ళజోడు సవరించుకున్నారు.

"ఇదేనా మీ పొడి?"

"అవునండి," అంది సైంటిస్టుగారి నోరు. ఆయన్ని సంప్రదించకుండానే.

"పోయినసారి తెల్లగా ఉన్నట్టు గుర్తు."

"ఖనిజాలు కలిపానండి."

"వాసన?"

"అది కూడా ఖనిజాల వల్లే."

మేడం తల పంకించారు. ఆ పంకింపులో నమ్మకం ఉందో లేదో ఆయనకి తెలియలేదు. "బాగుంది. ఒక గిన్నెడు ల్యాబుకి పంపించండి, ఏముందో వాళ్ళూ చూస్తారు," అన్నారు ఆవిడ. ఆయన గుండె ఒక మెట్టు దిగింది. రెండో మెట్టు దిగేలోపు బయట "బావా" అని కేక వినపడింది.

బావమరిది వచ్చాడు. ఒక్కడే రాలేదు. దారిలో జిమ్ముకి వెళ్ళి, తన బావ కండల మందు కనిపెట్టాడని, పైగా అది తనకోసమేనని చెప్పుకున్నాడు. వాళ్ళ కోచ్ వెంటనే బయలుదేరాడు. కోచ్ వెంట మరికొందరు బయలుదేరారు. చేతులు లేని బనియన్లు వేసుకుని, ఒంటికి చేతులు ఆనకుండా ఎడంగా పట్టుకుని, తలుపులో ఒక్కొక్కరుగా పక్కకి తిరిగి లోపలికి వచ్చారు.

"వీళ్ళెవరు?" అన్నారు డైరెక్టరు మేడం.

"పిల్లల్ని తూచే పనికి... కూలీలండి."

"గుప్పెడంత పిల్లల్ని ఎత్తడానికి ఇంతమందా?"

"కొన్ని బాగా పెరుగుతాయని ముందుజాగ్రత్తగా."

మేడం మళ్ళీ తల పంకించారు. "అయితే కానివ్వండి. నేనూ చూస్తాను."

ఇక తప్పలేదు. సైంటిస్టుగారు బావమరిది చెవిలో, "ముందు ఈ పిల్లల్ని తూచాలి, ఆ తర్వాతే మన పని" అన్నారు. ఇదంతా వైద్యంలో భాగమేనని బావమరిది అనుకుని కోచ్ చెవిలో చెప్పాడు. కోచ్ హుషారుగా పక్క దొడ్డిలోకి దిగి, తల్లిపంది దగ్గర పాలు తాగుతున్న ఒక బలమైన పిల్లను నడుం పట్టుకుని ఎత్తాడు. అక్కడ ఉన్నవి బరువు తక్కువ పిల్లలు కావు, అసలు ఆ దొడ్డితో ఎవరికీ పనిలేదు. ఆ మాట చెప్పడానికి ఎవరికీ వ్యవధి దొరకలేదు. పిల్ల కీచుమంది. తల్లి లేచింది.

పాలిచ్చే పంది మామూలుగా బద్ధకంగా కనబడుతుంది. ఆ బద్ధకమంతా ఇలాంటి సందర్భాల కోసం దాచుకున్న శక్తి అని ఆ రోజు జిమ్ము వాళ్ళకి తెలిసింది. కోచ్ పిల్లను వదిలేసి గోడ ఎక్కాడు. అతన్ని కాపాడడానికి దిగినవాళ్ళు అతనికంటే ముందే గోడ ఎక్కారు. పంది దొడ్డి తలుపును కుమ్మేసింది, నీళ్ళ తొట్టి బోర్లాపడింది, సూపర్‌వైజరు ఒక మూల నిలబడి "ఇద్దరు పోతారు సార్" అని ప్రశాంతంగా ప్రకటించాడు. ఎవరూ పోలేదు. అంత కండ ఉన్న మనుషులు వరసగా గోడ మీద కాళ్ళు ముడుచుకుని కూర్చోవడం మాత్రం మేడం మొదటిసారి చూశారు.

బావమరిది గోడ ఎక్కలేదు. తొట్టి బోర్లాపడినప్పుడు నీళ్ళు గుప్పెడు వైపు పారాయి. దాని గోనెపట్టా తడుస్తుంటే అతను వంగి దాన్ని ఎత్తి బనియన్‌కి అదుముకున్నాడు. పిల్ల అతని చంకలో తల దాచుకుని వణికింది. సూపర్‌వైజరు ఖాళీ సంచులు పరిచి దాణా చల్లి తల్లిపందిని మళ్ళీ దొడ్డిలోకి మళ్ళించాడు. గొడవ సద్దుమణిగింది. అప్పుడు బావమరిది తలెత్తి చూస్తే ఎదురుగా గోడ మీద బోర్డు ఉంది. సైంటిస్టుగారు స్వయంగా, పెద్ద అక్షరాలతో రాయించిన బోర్డు: 'బరువు తక్కువగా పుట్టిన పందిపిల్లలకు కండ పెంచు ఆహారము.'

అతను ఆ బోర్డు ఒకసారి చదివాడు. పెదవులు కదుపుతూ మళ్ళీ చదివాడు.

"బావా. పొద్దున నేను తాగింది వీళ్ళ పాలా?"



"మరి ఇవి తాగినవి?" అన్నారు డైరెక్టరు మేడం.

"నావి మేడం," అన్నాడు బావమరిది. "స్ట్రాబెర్రీ."

గోడ మీదున్నవాళ్ళు ఊపిరి బిగబట్టారు. స్ట్రాబెర్రీ మాట విని కాదు, పంది ఇంకా వాళ్ళవైపే చూస్తోంది.

సైంటిస్టుగారు జరిగిందంతా చెప్పేశారు. డబ్బాలు, ఫోను, కూలీలు, ఖనిజాలు అన్నీ. చెప్పడం పూర్తయ్యేసరికి ఇస్త్రీ చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. మేడం బావమరిది తెచ్చిన డబ్బా తీసుకుని మూత విప్పి, తెల్లపొడి ఒక చిటికెడు నాలుక మీద వేసుకున్నారు. ఆవిడ ముఖం మెల్లగా ముడుచుకుపోయింది.

"మీరెప్పుడైనా దీన్ని నోట్లో వేసుకున్నారా?"

"నేను పరిశోధకుణ్ణండి. రుచి నా పరిధిలోకి రాదు."

"వాటి పరిధిలోకి వస్తుంది," అన్నారు ఆవిడ, కిటికీ దగ్గరికి వెళ్ళి ఉమ్మేసి వచ్చాక. "కాగితం మీద చూశాను, మీ పొడిలో ఏ లోపమూ లేదు. తాగితే కండ పడుతుందేమో కూడా. తాగాలి కదా. ఈ పూటే ఆ వాసన, ఆ తీపి మీ పొడికి పట్టించండి. పశువుల డాక్టరు సరేనన్నాకే పిల్లలకి తాగించండి. నాతో అబద్ధమాడిన సంగతి విడిగా మాట్లాడదాం. దానికి తొందరేం లేదు, నాకు మతిమరుపు లేదు."

ఆవిడ బావమరిది వైపు తిరిగారు. అతని చేతుల్లో గుప్పెడు నిద్రపోతోంది.

"వీటిని పట్టుకోవడం ఎక్కడ నేర్చుకున్నావు?"

"ఎక్కడా నేర్చుకోలేదు మేడం. కానీ నన్నూ ఇలాగే పట్టుకుని ఉంటారు కదా," అన్నాడతను. మళ్ళీ కళ్ళు నిండాయి. అతనికి కండలు ఎంత గట్టివో కళ్ళు అంత మెత్తనివి.

సైంటిస్టుగారు ఇంటికి వెళ్ళేదారిలో భార్యతో ఏం చెప్పాలో నాలుగు రకాలుగా సిద్ధం చేసుకున్నారు. బావమరిది పక్కనే నడుస్తూ, "అక్కకి ఏమీ చెప్పను బావా, నువ్వేం కంగారు పడకు," అన్నాడు. ఆయన ప్రాణం లేచివచ్చింది. "అమ్మకి అసలే చెప్పను. మనసు కష్టపెట్టుకుంటుంది," అని కాస్త ఆగి, "ముందు గదికి ఒక పెద్ద అద్దం వేయిద్దామా బావా?" అన్నాడు. ఆయన వేయిద్దామన్నారు. ఇంకేమంటారు.

కొన్ని వారాలు గడిచాయి. స్ట్రాబెర్రీ పట్టించిన పాలపొడిని పందిపిల్లలు పోటీలుపడి తాగాయి. గుప్పెడు పేరు మార్చవలసినంత పెరిగింది. తొడ దగ్గర స్కానింగు పరికరం పెట్టి చూస్తే కొవ్వు పల్చగా, కండ దట్టంగా కనబడింది. సూపర్‌వైజరు దాన్ని చూసి, "ఇంత వేగంగా పెరిగినవి నిలవవు సార్" అన్నాడు. అది నిలిచింది. కోళ్ళ విభాగంవాళ్ళు మళ్ళీ కొలతలకి రాలేదు. సైంటిస్టుగారి పొడి బావమరిది ఒంట్లో ఏ మార్పు తెచ్చిందో మాత్రం శాస్త్రానికి తెలియలేదు. ఎందుకంటే అతను పోటీకి వెళ్ళడం మానేశాడు. బక్కపిల్లలకి పాలు పట్టే పనికి డైరెక్టరు మేడం అతన్ని నియమించారు. సీసా అతని చేతిలో ఉంటేనే అవి ఆఖరి చుక్కదాకా తాగుతాయని తేలింది. సైంటిస్టుగారు పట్టుకుంటే, అదే పొడి, అదే వాసన, అయినా రెండు గుక్కలతో సరిపెడుతున్నాయి.

ఇప్పుడు కేంద్రానికి ఫోను చేసేవాళ్ళెవరూ సైంటిస్టుగారు ఉన్నారా అని అడగడం లేదు. పందిపిల్లలకి పాలు పట్టే అబ్బాయి వాళ్ళ బావగారు ఉన్నారా అని అడుగుతున్నారు.